మనసు పుట్టపాక మీద, పర్సు నల్లగొండలో: ఒక టైలర్ చెప్పే పద్ధతి

నా పని జాకెట్లు కుట్టడం. నల్లగొండలో మా ఇంటి ముందు గదే నా షాపు. పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే గద్వాల, పోచంపల్లి, నారాయణపేట చీరలు నా టేబుల్ మీద గుట్టలుగా పడతాయి. ఫాల్ కుడతాను, పీకో చేస్తాను, మడత పెట్టి కవర్లో వేసి ఇచ్చేస్తాను. వాటిలో ఒక్కో చీర ధరకు నా కొన్ని నెలల కుట్టుకూలి కూడా చాలదు. అంత మంచి సరుకు రోజూ చేతుల్లోంచి పోతుంటే మనసు ఊరుకుంటుందా? చీరలతో ఆగితే బాగుండు. పుట్టపాక నేతగాళ్ల డబుల్ ఇక్కత్ దుప్పటి, ఇత్తడి గంగాళం, టేకు ఉయ్యాల, బిద్రీ పూలకుండీ... లిస్టు పెరుగుతూనే ఉంటుంది.

"మనకెందుకులే" అనుకుంటే కోరిక పోదు, కొనుక్కున్నవాళ్ల మీద కుళ్లు మాత్రం మొదలవుతుంది. కిస్తీల మీద కొంటే ఆ వస్తువును చూసినప్పుడల్లా టెన్షనే. ఈ రెండూ కాకుండా నేను చేసేది చెప్తాను. నాలాంటి సంపాదన, నాలాంటి కళ్లు ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు ఆ వస్తువులో మీకు నచ్చింది ఏమిటో తేల్చుకోండి. ఇది తేలిక అనిపిస్తుంది గానీ కాదు. మా గల్లీలో ఒకావిడ గద్వాల పట్టు కావాలని ఏళ్ల తరబడి కలవరించింది. ఒకరోజు నా టేబుల్ మీది చీర చూపించి, "వదినా, ఇందులో నీ కన్ను ఎక్కడ ఆగింది?" అని అడిగాను. వేలు పెట్టి కోటకొమ్మ అంచు, అదే కోట బురుజుల్లా మొనలు తేలిన అంచు, చూపించింది. ఆమెకు కావలసింది అంచు. పాత పద్ధతి గద్వాలలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. ఒంటి పోగులనూ అంచు పోగులనూ మగ్గం మీదే ఒకదానిలో ఒకటి చిక్కించి నేస్తారు, దాన్నే కుప్పడం అంటారు. అదే కోటకొమ్మ అంచు సీకో చీరకూ, అంటే పట్టు నూలు కలిపి నేసిన చీరకూ, వస్తుంది. పూర్తి పట్టు కన్నా ధర బాగా తక్కువ. ఆమె సీకో కొనుక్కుంది, జాకెట్ నేనే కుట్టాను.

ఇక్కత్‌కూ అంతే. ఆ వజ్రాల డిజైన్ నచ్చిందా, మెరూన్ నలుపు కలయిక నచ్చిందా, చేతికి తగిలే మెత్తదనమా? డిజైన్ అయితే నూలు ఇక్కత్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. రంగులే అయితే అవే రంగుల్లో సాదా చేనేత గుడ్డ చాలు. మెత్తదనం అయితే మాత్రం తిప్పలే, దానికి అడ్డదారి నాకింకా దొరకలేదు.

రెండోది, ధర ఎందుకు అంతుందో తెలుసుకోండి. నాకైతే సగం బాధ ఇక్కడే తగ్గింది. ఇక్కత్‌లో బట్ట నేశాక రంగు వెయ్యరు, నెయ్యకముందే పోగులకు వేస్తారు. డిజైన్ ఎక్కడ ఏ రంగు అడుగుతుందో లెక్క చూసుకుని, రంగు అంటకూడని చోట పోగులను సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పీలికలతో బిగించి కడతారు. ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని కట్లు విప్పుతారు, ఇంకోచోట కట్టి ఇంకో రంగులో ముంచుతారు. పడుగుకో (నిలువుపోగులు) పేకకో (అడ్డపోగులు) ఒక్కదానికే ఇలా చేస్తే సింగిల్ ఇక్కత్. రెండింటికీ చేసి, నేసేటప్పుడు అడ్డపోగు మీది రంగు నిలువుపోగు మీది రంగుతో సరిగ్గా కలిసేలా కూర్చితే డబుల్ ఇక్కత్. పుట్టపాక తేలియా రుమాల్ ఈ రెండో రకం. ఆముదం కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెడతారు, తేల్ అంటే నూనె, ఆ పేరు అందుకే వచ్చింది. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా దొరికింది.

ఇదంతా మొదలుకాక ముందు ఆసు పోయడం ఒకటుంది. పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ లెక్క తప్పకుండా పేర్చాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరగాలంటారు. ఇళ్లలో ఈ పని ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతులు తెలిశాక ధర చూసి "దోచుకుంటున్నారు" అనే మాట నా నోట రావడం లేదు. ఏసీ షోరూం వాళ్లు పైన వేసుకునేది వేరే లెక్క, దాని మీద ఎంత బేరమైనా ఆడండి.

ఇప్పుడు అసలూ నకిలీ. తక్కువకు దొరికిందని తెచ్చుకున్న "పోచంపల్లి బెడ్‌షీట్" చాలాసార్లు ప్రింటు. పిల్లల మంచం మీదికి ప్రింటు తప్పేమీ కాదు, ప్రింటు ధరకే కొంటే చాలు. అంచులు చెదిరినట్టుంటే ఇక్కత్ అని చాలామంది చెప్తారు. ఆ చెదురు కూడా ప్రింటులో దించేస్తున్నారు, నమ్మకండి. కోత అంచు నుంచి ఒక్క పోగు బయటికి లాగి చూడండి. అసలు ఇక్కత్‌లో రంగు కట్టిన పోగు మీద రంగులు వరసగా మారుతూ ఉంటాయి, ఎటు తిప్పినా అదే రంగు. ప్రింటులో పోగు తిప్పితే ఒక పక్క రంగు, ఇంకో పక్క వెలిసిన తెలుపు. తర్వాత బట్ట అంచు వెలుగుకు పట్టి చూడండి. మగ్గం మీద బట్ట బిగువుగా ఉండటానికి అడ్డంగా ఒక పుల్ల పెడతారు, దాని సూదులు గుచ్చిన సన్నని రంధ్రాలు అంచు పొడుగునా కనిపిస్తే చేతిమగ్గం కావచ్చు. పట్టు మీద అనుమానం ఉంటే కొంగు కుచ్చుల్లోంచి ఒక పోగు అడిగి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే పట్టు. కరిగి గట్టి పూస కడితే పాలిస్టర్. షాపులో అగ్గిపెట్టె తీస్తే గొడవే కాబట్టి ఇంటికొచ్చి చేసుకోండి, బిల్లు మాత్రం పారేయకండి.

ఎక్కడ కొనాలంటే, వీలైనంత వరకు మగ్గానికి దగ్గరగా. నల్లగొండ వైపు వాళ్లకు చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం హైవే మీదే తగులుతుంది, నూలు ఇక్కత్ దుప్పట్లకు పేరున్న ఊరు. పోచంపల్లిలో అయితే ఇళ్లలోనే మగ్గాలు చూడొచ్చు, కొనకపోయినా ఎవరూ ఏమనరు. మహబూబ్‌నగర్ అటువైపు వాళ్లకు నారాయణపేట, గద్వాల ఉండనే ఉన్నాయి. హైదరాబాద్ నుమాయిష్ జనవరి 1న మొదలై ఫిబ్రవరి మధ్యదాకా ఉంటుంది. ఆఖరి రోజుల్లో పోతే సరుకు తిరిగి మోసుకెళ్లడం ఇష్టంలేని వాళ్లు ధర దించుతారు. కానీ అప్పటికి మంచి రంగులు అయిపోయి ఉంటాయి, ఆ సంగతి తెలిసే పోండి.

నేత షాపులో అడుగుపెట్టగానే "దుప్పటి ఎంత?" అనకండి. "అన్నా, గుడ్డ తాను చివరి ముక్కలు ఉన్నయా?" అని అడగండి. మీటరున్నర, ముప్పావు మీటరు ముక్కలు ఒక మూల కట్టగట్టి ఉంటాయి. పోగు తెగినవి, రంగు ఒకచోట పాకినవి కూడా అక్కడే. కత్తెర చేతిలో ఉన్నవాళ్లకు మరకో తెగిన పోగో పెద్ద విషయం కాదు, అంతమేర వదిలేసి కత్తిరిస్తాం.

ఆ ముక్కతో ఏం చేయొచ్చో కొలతలతో సహా చెప్తాను, ఎందుకంటే తక్కువ డబ్బుతో ఇంట్లో ఎక్కువ కనిపించేది ఇదే. 16 అంగుళాల సోఫా దిండుకు గలీబు కావాలనుకోండి. ముందు 17 అంగుళాల చదరం ఒకటి. వెనక 17 పొడవు, 12 వెడల్పు ఉన్నవి రెండు, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కుడితే జిప్పు అక్కర్లేదు. మూడూ పక్కపక్కన పెడితే 41 అంగుళాలు, 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డలో అడ్డంగా సరిపోతాయి. అంటే ఒక గలీబుకు అర మీటరు. ఇంకా పొదుపు కావాలంటే వెనక సాదా నూలు వేయండి, అప్పుడు ఒక మీటరు ఇక్కత్‌లో ముందు భాగాలు నాలుగు వస్తాయి. కానీ ఇక్కడో చిక్కుంది. వజ్రం పెద్దదైతే అది దిండు నడిమధ్యకు రావాలి, లేకపోతే ఎంత ఖరీదు గుడ్డయినా వంకరగా కనిపిస్తుంది. అలాంటప్పుడు నాలుగుకు బదులు మూడే వస్తాయి. కొనేటప్పుడే గుడ్డను మడిచి డిజైన్ ఎక్కడ తిరిగి మొదలవుతుందో చూసుకోండి.

కత్తిరించే ముందు గుడ్డను విడిగా చల్లనీళ్లలో ఒక రాత్రి నానబెట్టి నీడలో ఆరేయండి. నూలు కుంచించుకుంటుంది, కుట్టాక కుంచించుకుంటే దిండు ఎక్కదు. తడి తెల్లగుడ్డతో రుద్ది ఎరుపు దిగుతోందేమో కూడా అప్పుడే చూడండి. గీత సుద్దముక్కతో గీయకుండా, కత్తిరించాల్సిన చోట ఒక పోగు లాగేయండి. ఆ ఖాళీ దారి వెంట కత్తెర పోతే గీత తప్పదు. చేనేత గుడ్డ అంచుల నుంచి పోగులు ఊడుతూ ఉంటాయి కాబట్టి ఓవర్‌లాక్ తప్పనిసరి.

పాత పట్టుచీరల సంగతి ఇంకా లాభసాటి. ఒళ్లు మడతల దగ్గర చిరిగిపోయినా అంచు ఏళ్లకేళ్లు గట్టిగా ఉంటుంది. "పాత పట్టుచీరలు కొంటాం" అని గల్లీలో అరుచుకుంటూ వచ్చేవాళ్లు జరీ కోసం కొంటారు, ఇచ్చేది అంతంతమాత్రమే. వాళ్లకిచ్చే ముందు మీ అమ్మ, అత్త, పెద్దమ్మ బీరువాలు ఒకసారి అడిగి చూడండి. అంచు విప్పి వెనక కాటన్ అతికిస్తే గడప మీది తోరణం, టీపాయ్ మీద పట్టీ, పర్దాకు అడుగంచు అవుతాయి. కొంగు ముక్కతో చేతిసంచి కుడితే పెళ్లిలో నలుగురూ ఎక్కడ కొన్నావని అడుగుతారు. నా కస్టమర్లకు నేను ముందే చెప్పి పెడతాను: "అక్కా, చిరిగితే పారేయకు, నాకియ్యి, జాకెట్ కూలి తగ్గిస్తా." మిగిలిన జాకెట్ ముక్క మాత్రం అడక్కుండా ఉంచుకోను. అది వాళ్ల సొమ్ము. ఈ విషయంలో మా టైలర్లకు ఉన్న పేరు అంత మంచిది కాదని నాకు తెలుసు.

ఇత్తడి గురించి క్లుప్తంగా. కొత్తది కొనకండి. స్టీలు సామాన్లకు మార్చేయగా మిగిలినవి ఇంకా చాలా ఇళ్ల అటకల మీద ఉన్నాయి, పాతసామాన్ల కొట్లలో కిలో లెక్కన దొరుకుతాయి. అయస్కాంతం తీసుకుపోండి, అంటుకుంటే అది పైపూత వేసిన ఇనుము. చింతపండు, ఉప్పు వేసి రుద్దితే నల్లదనం పోతుంది. వంటకు వాడాలంటే లోపల కళాయి పెట్టించాలి, మొక్క పెట్టుకోవడానికైతే ఆ ఖర్చు లేదు.

ఇవన్నీ చేసినా ఒకటి రెండు వస్తువులు మనసులోంచి పోవు. వాటికే డబ్బు కూడబెట్టండి, ఒకేసారి ఒక్కదానికే. మేం గల్లీ ఆడవాళ్లం చిట్టీ వేసుకుంటాం. ఆస్పత్రికో పిల్లల ఫీజుకో అయితే ముందే పాడక తప్పదు, పాటలో కొంత పోతుంది. ఇలాంటి ముచ్చట వస్తువు కోసం వేసిన చిట్టీని మాత్రం చివరిదాకా ఉంచితే పోయేది తక్కువ. ఆ నెలలు గడిచేలోపు సగం కోరికలు వాటంతటవే రాలిపోతాయి. నా లిస్టులోంచి టేకు ఉయ్యాల అలాగే పోయింది, అద్దె ఇంట్లో దూలానికి కొక్కెం కొట్టనిచ్చే ఓనరు ఎక్కడా లేడు.

మిగిలిన వస్తువును ఆర్డర్ ఇచ్చి నేయించుకోవాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. పడుగు ఒక్క చీరకో ఒక్క దుప్పటికో వేయరు, ఒకసారి వేస్తే దాని మీద వరసగా కొన్ని నేస్తారు. మీ ఒక్కరి కోసం ప్రత్యేక రంగు అడిగితే ధర ఎక్కువే చెప్తారు, చెప్పాలి కూడా. తక్కువలో కావాలంటే ఇప్పుడు మగ్గం మీద నడుస్తున్న పడుగులోనే ఒకటి అడగండి, లేదా తెలిసినవాళ్లంతా కలిసి ఒకే పడుగుకు ఒప్పుకోండి. కొలత అంగుళాల్లో కాగితం మీద రాసివ్వండి. రంగు మాటల్లో చెప్పకుండా ఒక పోగు ముక్క ఇవ్వండి, ఫోన్లో ఫొటో రంగు నమ్మొద్దు. వానాకాలానికి ముందే ఇవ్వండి, ముసురు పట్టిందంటే రంగు పోగులు ఆరవు, గుంట మగ్గాల్లో చెమ్మ చేరుతుంది, పని వెనకబడుతుంది. మా చిట్టీ వాళ్లం ఈసారి కలిసి దుప్పట్లు చెప్పాలనుకున్నాం. డబ్బు సర్దుబాటయింది. మెరూనా, నలుపా అన్న దగ్గర పంచాయితీ ఇంకా నడుస్తోంది.