ఫ్లెక్సీ మీద క్యూఆర్ స్కాన్ అవ్వాలంటే

షాపు ఓపెనింగ్ ఫ్లెక్సీ మీద లొకేషన్ క్యూఆర్ వేయిస్తారు, తీరా రోడ్డు మీద నుంచి ఏ ఫోనుకీ అందదు. మనిషి నిలబడే దూరంలో పదో వంతు వెడల్పు కోడ్‌కి ఉండాలి: 10 అడుగులకి 1 అడుగు. డిజైనర్ మూలకి తోసేస్తానంటే ఒప్పుకోకండి. తెలుపు మీద నలుపే వేయించండి, చుట్టూ కోడ్‌లోని చిన్న గళ్లు నాలుగింటి వెడల్పంత ఖాళీ వదలాలి. బంగారు రంగు కోడ్ చూడ్డానికి బాగుంటుంది, కెమెరాకే నచ్చదు. మ్యాప్స్‌లో షేర్ కొడితే వచ్చే పొట్టి లింకు వాడితే గళ్లు పెద్దగా పడతాయి.

ప్రింటుకి ఇచ్చేముందు ఏ4 కాగితం మీద 15 సెంటీమీటర్ల కోడ్ తీసి, 5 అడుగుల దూరం నుంచి ఒక పాత ఫోనుతో చూడండి.

రాత్రి ఫోకస్ లైటు సూటిగా కోడ్ మీద పడితే మాత్రం ఫ్లెక్సీ మెరిసి స్కాన్ అవ్వదు. లైటు పక్కకి తిప్పాలి.