హోమ్‌లోన్‌కి ముందు పాత క్రెడిట్ కార్డులు మూసేస్తున్నారా? కాస్త ఆగండి

నెల్లూరు స్వర్ణాల చెరువు రొట్టెల పండగలో సొంతిల్లు కావాలని ఇంటి రొట్టె పట్టుకున్నవాళ్లయినా, మాఘమాసంలో శంకుస్థాపనకి ముహూర్తం పెట్టుకున్న ఒంగోలు వాళ్లయినా చివరికి వెళ్లాల్సింది బ్యాంకుకే. స్థలం కాగితాలు విప్పకముందే అక్కడ సిబిల్ స్కోరు, అంటే మనం అప్పులు ఎలా తీరుస్తున్నామో చెప్పే మార్కు తీస్తారు. ఈ భయంతో చాలామంది ముందుగా చేసే పని, వాడకుండా పడున్న కార్డులన్నీ క్లోజ్ చేయించడం. కార్డులు తక్కువుంటే స్కోరు పెరుగుతుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. లోన్‌కి రెండు మూడు నెలల ముందు ఈ పని చేస్తే స్కోరు పెరగకపోగా తగ్గే అవకాశమే ఎక్కువ.

లెక్క వేసి చూద్దాం. కావలిలో ఒకాయనకి రెండు కార్డులున్నాయనుకోండి. రోజూ వాడేదానికి లిమిట్ 50 వేలు, బీరువాలో ఉన్న పాతదానికి లక్షన్నర. సరుకులు, పెట్రోలు, పిల్లల ఫీజులు కలిపి నెలకి 30 వేలు గీకుతాడు. మొత్తం 2 లక్షల లిమిట్‌లో అది 15 శాతం. పాత కార్డు పోయిందంటే అదే 30 వేలు 60 శాతం అయిపోతుంది. ఖర్చు రూపాయి పెరగలేదు, అయినా స్కోరుకి ఆధారమైన క్రెడిట్ రిపోర్టులో ఆయన అప్పు మీద నెట్టుకొస్తున్నట్టు కనబడతాడు. మొత్తం లిమిట్‌లో వాడకం 30 శాతం దాటనివ్వొద్దని చెప్పేది ఇందుకే.

బిల్లు గడువులోగా పూర్తిగా కట్టేవాళ్లకి కూడా ఈ బెడద ఉంది. స్కోరు లెక్కగట్టే సిబిల్ లాంటి సంస్థకి, అంటే క్రెడిట్ బ్యూరోకి బ్యాంకు లెక్క పంపే తేదీన ఎంత బాకీ ఉంటే అదే పడుతుంది. 2025 జనవరి నుంచి ఈ లెక్కలు కనీసం పదిహేను రోజులకోసారి వెళ్లాలి. కాబట్టి లోన్ పనిలో ఉన్న నెలల్లో స్టేట్‌మెంట్ వచ్చేదాకా ఆగకుండా మధ్యలోనే కొంత కట్టేయండి.

పాత కార్డు మూస్తే క్రెడిట్ వయసు (మన అప్పుల ఖాతాలు ఎంత పాతవన్న లెక్క) తగ్గుతుందనేది కూడా నిజమే కానీ, సక్రమంగా కట్టి మూసిన కార్డు చరిత్ర రిపోర్టులోంచి వెంటనే పోదు. లిమిట్ తగ్గడంతో పోలిస్తే ఇది చిన్న దెబ్బే.

అలాగని బీరువాలో పడేసి మర్చిపోతే ఇంకా ప్రమాదం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసేటప్పుడు తీసుకున్న కార్డు ఉంటుంది, ఊరికి వచ్చేశాక ఫోన్ నంబరు మారిపోతుంది. వార్షిక ఫీజు 500 అయితే జీఎస్టీతో 590. ఆ మెసేజ్ పాత నంబరుకి పోతుంది. ఫీజు మీద లేట్ ఫీజు, దాని మీద వడ్డీ, రిపోర్టులో బకాయి గుర్తు. వాడని కార్డుకి బకాయేంటని మనం అడగొచ్చు, స్కోరు మాత్రం ఆ మాట వినదు. అందుకే కార్డు ఉంచుకోవాలనుకుంటే ముందు నంబరు, ఈమెయిల్, అడ్రస్ మార్పించండి. రెండు మూడు నెలలకోసారి ఫోన్ రీచార్జో, గ్యాస్ బిల్లో దాంతో కట్టి, ఆ బిల్లుకి ఆటోపే పెట్టుకోండి. ఏడాదికి మించి వాడని కార్డుని, ముందుగా తెలియజేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకే మూసేయొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది.

ఏది ఉంచాలి? పాతది, లిమిట్ ఎక్కువున్నది, లైఫ్‌టైమ్ ఫ్రీ అయితే వదులుకోకండి. మాల్ గుమ్మం దగ్గర బ్యాగ్ ఇస్తామంటే తీసుకున్న, ఫీజు తినే చిన్న లిమిట్ కార్డుని మూసేయొచ్చు. అది కూడా లోన్ డబ్బు చేతికొచ్చాకే. చేతిలో కార్డు ఉంటే చెయ్యి ఆగదనుకునేవాళ్లు మాత్రం స్కోరు సంగతి పక్కనపెట్టి ఇప్పుడే మూసేయండి. ఆ అప్పు కంటే తగ్గిన స్కోరే నయం.

మూసేటప్పుడు బాకీ పూర్తిగా కట్టాలి, రివార్డు పాయింట్లు వాడేసుకోవాలి, ఆ కార్డు మీదున్న ఆటో డెబిట్లు తీసేయించాలి. బాకీ లేని కార్డుని అడిగిన ఏడు పని దినాల్లో మూయకపోతే రోజుకి 500 చొప్పున బ్యాంకే మనకి కట్టాలి. కాబట్టి అభ్యర్థన నంబరు, మూసినట్టు వచ్చిన ఈమెయిల్ దాచుకోండి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి, కార్డు వెనకాల ఉన్నదానికే చేయండి. కార్డు క్లోజ్ చేస్తాం, ఓటీపీ చెప్పండి అని ఫోనొస్తే అది దొంగ ఫోనే. పాత బాకీ సగానికి సెటిల్ చేస్తామని ఆశ పెడితే తొందరపడి ఒప్పుకోకండి. రిపోర్టులో 'సెటిల్డ్' (బాకీ పూర్తిగా కట్టలేదు) అని పడిందంటే హోమ్‌లోన్ ఇచ్చేవాళ్లు వెనకాడతారు.

ఇక కొత్త కార్డులకి, పండగ ఆఫర్ ఈఎంఐలకి ఈ కొన్ని నెలలు అప్లై చేయకండి. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో ఎంక్వైరీగా నమోదవుతుంది.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూసిన కార్డు ఇంకా తెరిచే ఉన్నట్టు చూపిస్తే ఆ బ్యూరో వెబ్‌సైట్లోనే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 పరిహారం ఇవ్వాల్సిందే. అయితే ఆ నెలరోజులు ఎలాగూ పోతాయి, అందుకే ముహూర్తానికి మూడు నెలల ముందే రిపోర్టు తీసి చూసుకోండి.