మెడ సిర పాఠాలు – 3: మంచం వంచాలా, పీప్ పెంచాలా?

కిందటి పాఠంలో అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను మెడ మీద అడ్డంగా పెట్టి కెరోటిడ్ ధమనిని, జుగులర్ సిరను విడిగా గుర్తుపట్టాం. అదే సిర ఎప్పుడు ఉబ్బుతుంది, ఎప్పుడు అణిగిపోతుంది అన్నది ఈసారి పాఠం.

వరంగల్‌లో నా పీజీ రోజులు. ఏప్రిల్ ఎండకు మిర్చి కల్లంలో పడిపోయిన పెద్దాయన వెంటిలేటర్ మీద ఉన్నాడు. సెంట్రల్ లైన్, అంటే మెడ సిరలోంచి గుండె దగ్గరి పెద్ద సిర దాకా పోయే సన్నటి గొట్టం, వేయాలి. స్క్రీన్ మీద సిర సన్నటి గీతలా ఉంది. టెన్షన్‌లో ప్రోబ్‌ను ఇంకాస్త అదిమాను. ఆ గీత కూడా మాయమైంది. "సార్, చెయ్యి జర తేలిక చేయుండ్రి" అంది పక్కనున్న సిస్టర్. చేశాను. సిర తెరుచుకుంది. తప్పంతా నా చేతిదే. అందుకే ఏ సెట్టింగూ ముట్టుకోకముందు ప్రోబ్ బరువు తగ్గించండి.

తర్వాత మంచం. తల వైపు 10 నుంచి 15 డిగ్రీలు దించితే రక్తం మెడలోకి జారి సిర నిండుతుంది, సూది దారిలో గాలి లోపలికి పోయే భయమూ తగ్గుతుంది. తలకు దెబ్బ తగిలి మెదడులో ఒత్తిడి పెరిగినవాళ్లకు మాత్రం ఇది వద్దు. తలను పక్కకు కొద్దిగా తిప్పితే చాలు. మరీ తిప్పితే సిర వచ్చి ధమని మీద కూర్చుంటుంది, సూది సిరను దాటి ధమనిలోకి దిగిపోవచ్చు.

ఇక పీప్ (PEEP), అంటే ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో వెంటిలేటర్ నిలిపి ఉంచే ఒత్తిడి. కాకతీయ కాలువ మీద షట్టర్ దించితే ఎగువన నీళ్లు ఎగదన్నడం చూసే ఉంటారు. ఛాతీలో ఒత్తిడి పెరిగితే మెడ సిరలో జరిగేదీ అదే. మామూలుగా మనం గాలి పీల్చినప్పుడు సిర అణుగుతుంది. వెంటిలేటర్ గాలి నెట్టినప్పుడు ఉబ్బుతుంది. ఈ తేడా తెలియక చాలామంది తికమకపడతారు. పీప్‌ను 5 నుంచి 10 సెం.మీ. నీటి ఒత్తిడికి పెంచినా, ఇన్‌స్పిరేటరీ హోల్డ్ ఇచ్చినా (నెట్టిన గాలిని కాసేపు లోపలే ఆపినా) సిర పెద్దదవుతుంది.

కానీ షట్టర్ దించితే దిగువ పొలానికి నీళ్లు తగ్గుతాయి కదా! గుండెకు చేరే రక్తం తగ్గి బీపీ పడుతుంది. ఒంట్లో నీరు లేని ఆ పెద్దాయన లాంటివాళ్లకు ఇంకా త్వరగా పడుతుంది. వాళ్లకు ముందు సెలైన్ ఎక్కించండి. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉన్నా, ఉబ్బసంతో ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకున్నా పీప్ జోలికి పోకండి. మిగతావాళ్లకు పెంచినా బీపీ మీద కన్నేసి, గొట్టానికి దారి చూపే గైడ్ వైరు సిర లోపలికి వెళ్లగానే పీప్‌ను పాత అంకెకు తెచ్చేయండి.

ఇంటిపని: తోటి డాక్టర్‌ను పడుకోబెట్టి, తల ఎత్తి, చదునుగా, తల దించి మూడుసార్లు సిర వెడల్పు కొలవండి. చివర్లో ముక్కు, నోరు మూసుకుని ముక్కమనండి. నాలుగు అంకెలూ రాసుకుని తర్వాతి పాఠానికి రండి.