డీజిల్ ఇంజిన్‌కు గట్టి కనెక్టింగ్ రాడ్లు ఎంచుకోవడం

టర్బో బూస్టు (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి) పెంచిన బండి నిండు లోడుతో భాకరాపేట ఘాటు ఎక్కేటప్పుడు తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ (తిప్పే బలం) మీదపడుతుంది. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్టుకు కలిపే ఈ రాడ్డు వంగేది అప్పుడే. కాబట్టి 4340 రకం ఫోర్జ్‌డ్ (సమ్మెట దెబ్బతో మలిచిన) స్టీలువే చూడండి. భారీ ట్యూనింగైతే మందమైన ఐ-బీమ్‌కే (అడ్డంగా కోస్తే I ఆకారం) మా ఓటు. ఓ మోస్తరుకు హెచ్-బీమ్ (H ఆకారం) చాలు.

పొడవు, పిస్టన్ పిన్ సైజు, బిగ్ ఎండ్ (క్రాంకు వైపు పెద్ద కొస) వెడల్పు పాతదానితో సరిపోవాలి. పొడవు ఎక్కువైతే పిస్టన్ హెడ్డుకు తగులుతుంది.

అసలు కిటుకు బోల్టుల్లో ఉంది. రాడ్ల కంపెనీ చెప్పిన బిగింపు టార్క్‌కు క్యాప్ (బిగ్ ఎండ్ కింది సగం) బిగించాకే బోరు (లోపలి రంధ్రం) కొలవమని తిరుపతి లేత్ షాపులో గట్టిగా చెప్పండి. వదులుగా తీసిన కొలత దండగ. 50 మి.మీ. జర్నల్‌కు (రాడ్డు పట్టే క్రాంకు భాగం) ఆయిల్ క్లియరెన్సు, అంటే బేరింగ్‌కూ దానికీ మధ్య ఆయిల్ ఉండే సందు, సుమారు 0.05 మి.మీ. ఉండాలి. తగ్గితే బేరింగ్ పట్టేస్తుంది. విప్పాక మొదటి పొడవుకు రాని బోల్టు సాగిపోయినట్టే, పారేయండి. సెట్టులో బరువు తేడా 2 గ్రాములు దాటితే వెనక్కిచ్చేయండి.