డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ స్వయంశిక్షణ, ఏడవ పాఠం: బొమ్మ కింది రెండు వాక్యాలు

ఆరవ పాఠంలో మూడు వందల ఫ్రేముల్లోంచి పన్నెండింటిని ఎంచుకుని వరుసగా పేర్చడం అభ్యసించాం. ఆ పన్నెండు ప్రింట్లను మళ్లీ బల్ల మీద పరచండి. ఒక్కొక్క దాన్నీ చేతిలోకి తీసుకుని, అందులో ఉన్న మనిషి పేరు, ఊరు, ఆ రోజు తేదీ, ఆ క్షణాన ఆ మనిషి చేస్తున్న పని మీ నోటుబుక్కు చూసి చెప్పగలరేమో పరీక్షించుకోండి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా ఆ ప్రింటును పక్కన పెట్టండి. మొదటిసారి ఈ పరీక్ష పెట్టుకున్నవారికి బల్ల మీద ఎక్కువ బొమ్మలు మిగలవు. అంతమాత్రాన నిరుత్సాహపడనక్కరలేదు. పక్కన పెట్టినవి కంటికి ఎంత ఇంపుగా ఉన్నా వాటి కింద ఏం రాసినా ఊహే అవుతుంది కనుక, వాటిని ఈ వరుసలోంచి తప్పించి, వీలైతే అదే చోటికి మళ్లీ వెళ్లి, ఆ మనుషులను కలిసి, తెలియనిది తెలుసుకుని రావాలి.

డాక్యుమెంటరీ, యాత్ర, వార్తా ఛాయాచిత్రణను పీజీ స్థాయిలో చదవదలచినవారు సాధారణంగా దరఖాస్తుతో పాటు ఒక బొమ్మల వరుసనూ, దాని గురించి కొంత రాతనూ పంపవలసి ఉంటుంది. వెలుతురు మీద, కూర్పు మీద నెలల తరబడి శ్రమించిన అభ్యర్థులు కూడా ఆ రాతను చివరి రాత్రికి వదిలేయడం చూస్తుంటాను. నా దృష్టిలో ఆ రాతలో సగం, బొమ్మ తీసిన రోజే, తీసిన చోటే పూర్తి కావాలి. పత్రికల డెస్కులో రైటప్ అనీ, ఇతరత్రా క్యాప్షన్ అనీ పిలిచే ఆ రెండు వాక్యాల గురించే ఈ పాఠమంతా.

1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర డొరోథియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్' బొమ్మ మీరు చూసే ఉంటారు. అప్పట్లో లాంగ్ అమెరికా ప్రభుత్వ విభాగమొకదాని తరఫున వలస కూలీల బతుకులను చిత్రిస్తున్నారు. నెల రోజుల పర్యటన ముగించుకుని వానలో ఇంటికి వెళ్తూ, బఠానీ కోత కూలీల శిబిరం అని రాసి ఉన్న బోర్డును దాటిపోయారు. 20 మైళ్లు పోయాక మనసొప్పక కారు వెనక్కి తిప్పారు. పంట పాడై, కోసే పని లేక చిక్కుకుపోయిన కూలీల మధ్య, గుడారం కింద పిల్లలతో కూర్చున్న ఒక తల్లిని కొద్దిపాటి ఫ్రేముల్లో తీశారు. ప్రసిద్ధమైన ఫ్రేములో ఇద్దరు పిల్లలు తల్లి భుజాలకు ఆనుకుని ముఖాలు అటు తిప్పుకుని ఉంటారు, ఒడిలో పసిబిడ్డ నిద్రపోతుంటుంది, తల్లి కుడిచేతి వేళ్లు చెంపకు ఆని ఉంటాయి. కుడివైపు కింది మూలను పట్టి చూడండి. పాత ప్రింట్లలో గుడారపు గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు మసకగా కనిపిస్తుంది. అది కంటికి అడ్డంగా ఉందని లాంగ్ కొన్నేళ్ల తర్వాత నెగటివ్‌ మీదే చెరిపించారు. ఆ విభాగంలో ఫోటోగ్రఫీ పనికి పెద్ద అయిన రాయ్ స్ట్రైకర్‌కు ఆ పని నచ్చలేదు.

బొటనవేలిని చెరపడం తప్పా ఒప్పా అన్న చర్చ ఫోటోగ్రఫీ తరగతుల్లో తరచుగా వినిపిస్తుంది. నాకు అంతకంటే పెద్ద లోటుగా కనిపించేది పేరు. ఆ తల్లి పేరు తాను అడగలేదనీ, వయసు 32 అని మాత్రం ఆమె చెప్పిందనీ 1960లో లాంగే స్వయంగా రాశారు. ఆ కుటుంబం కారు టైర్లు అమ్మి తిండి కొనుక్కుందని కూడా అదే వ్యాసంలో ఉంది. బొమ్మ కింద చేరిన మాటలు దిక్కులేని బఠానీ కూలీలనీ, ఏడుగురు పిల్లల తల్లి అనీ, వయసు 32 అనీ చెప్పి ఊరుకున్నాయి. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, ఒక స్థానిక పత్రిక విలేఖరి ఆమెను వెతికి పట్టుకున్నాక. ఆమె అమెరికా ఆదివాసీ జాతుల్లో ఒకటైన చెరోకీ జాతికి చెందిన మహిళ. ఆ సంగతీ అప్పటిదాకా బొమ్మ వెంట రాలేదు. టైర్లు అమ్మిన మాట నిజం కాదనీ, కారుకు ఉన్న ఆ టైర్ల మీదే తాము అక్కడి నుంచి కదిలామనీ ఆమె కొడుకు చెప్పారు. బొమ్మ శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో అచ్చయ్యాక 20,000 పౌండ్ల బరువైన ఆహారం ఆ శిబిరానికి చేరింది, అప్పటికే థాంప్సన్ కుటుంబం మరో చోటికి వెళ్లిపోయింది. ఆ బొమ్మ వల్ల ఎందరి కడుపో నిండింది, అందులో ఉన్న మనిషికి మాత్రం ఆనాడు ఏమీ అందలేదు. పేరు రాసుకుని ఉంటే ఆమెకు కనీసం ఒక ప్రింటైనా చేరి ఉండేది.

లాంగ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎవరితోనైనా మాట్లాడాక కారు దగ్గరకు వెళ్లి, వాళ్లు అన్న మాటలు మరచిపోకముందే నోటుబుక్కులో దించుకోవడం ఆమె అలవాటు. భర్త, ఆర్థికవేత్త పాల్ టేలర్‌తో కలిసి 1939లో వెలువరించిన పుస్తకంలో అనేక బొమ్మల కింద అప్పటి కూలీలు అన్న మాటలనే యథాతథంగా ఉంచారు. ఇంత శ్రద్ధ గల మనిషి కూడా అలసిపోయిన ఒక రోజు పేరు అడగకుండా వచ్చేశారన్నదే మనం గుర్తుంచుకోవలసిన విషయం. అలసటలోనూ తప్పిపోని పద్ధతి ఒకటి చేతికి అలవాటు కావాలి.

ఆ పద్ధతి ఇది. బయలుదేరే ముందు కెమెరాలోని తేదీనీ గడియారాన్నీ ఫోనుతో సరిచూసుకోండి. జేబులో చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఉంచుకోండి. సిరా వానకు అలుక్కుపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. ఒక మనిషిని తీయడం అయిపోగానే ఇంటిపేరుతో సహా పేరు అడిగి, రాసింది వారికే చూపించండి. చదువు రానివారైతే పైకి చదివి వినిపించి, పక్కనున్న బడిపిల్లల చేత అక్షరాలు సరిచూపించండి. తర్వాత ఆ నోటుబుక్కు పేజీని కెమెరాతోనే ఒక ఫ్రేము తీయండి. మనిషి బొమ్మ వెనకే పేరు బొమ్మ కార్డులో ఉండిపోతుంది కనుక, పది రోజుల తర్వాత ఎవరు ఎవరో తడుముకోవలసిన అవసరం రాదు. ఒకే ఫ్రేములో ఇద్దరు ముగ్గురు ఉంటే ఎడమ నుంచి కుడికి అని పేజీ పైన రాసి, అదే వరుసలో పేర్లు వేయండి.

ఈ చివరి నియమం నాకు ఎలా పట్టుబడిందో చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక మత్స్యకార పల్లెలో వల అల్లుతున్న అన్నదమ్ములను తీశాను. పేర్లు రాసుకున్నాను గానీ వరుస రాసుకోలేదు. అచ్చులో అన్న కింద తమ్ముడి పేరు, తమ్ముడి కింద అన్న పేరు పడ్డాయి. మరుసటి ఏడు అన్న సముద్రంలో పోయాడు. ఆ ఇంటికి వెళ్లినప్పుడు, ఆ తల్లి దగ్గర పెద్దకొడుకు బొమ్మ అని చెప్పుకోవడానికి ఆ పత్రిక ముక్క ఒక్కటే ఉంది. దాన్ని గోడకు అంటించుకుంది. కొత్త ప్రింటు చేయించి, వెనక సరైన పేరు రాసి ఇచ్చాను. ఆమె దాన్ని పెట్టెలో దాచుకుంది. గోడ మీది కాగితం మాత్రం అలాగే ఉంది.

ఇక వాక్యాల కూర్పు. అంతర్జాతీయ వార్తా సంస్థల పద్ధతిలో మొదటి వాక్యం బొమ్మలో కనిపించేదాన్ని వర్తమానంలో చెబుతుంది, ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి అందులోనే ఇమిడిపోతాయి. రెండవ వాక్యం బొమ్మలో కనిపించని నేపథ్యాన్ని, అది ఎవరి ద్వారా తెలిసిందో చెబుతూ అందిస్తుంది. తెలుగులో ఈ పద్ధతికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన పత్రికల్లో క్యాప్షన్ క్రియతో ముగియకుండా నామవాచకంతో ముగుస్తుంది. 'వరద నీటిలో నడిచి వెళ్తున్న విద్యార్థులు', 'ధర్నా చేస్తున్న అంగన్‌వాడీలు' వంటివి రోజూ చదువుతూనే ఉంటాం. పొట్టిగా ఉంటుంది, చోటు కలిసివస్తుంది. కానీ వాక్యం పూర్తికాదు కనుక తేదీ, ఊరు, పేరు జారిపోయినా చెవికి లోటుగా వినిపించదు. అందువల్ల ఈ కోర్సులో క్యాప్షన్‌ను క్రియతో ముగించమని కోరుతున్నాను. 'దాటుతున్నారు' అని ముగించగానే ఎవరు, ఎప్పుడు అన్న ప్రశ్నలు వాటంతట అవే లేస్తాయి.

మరో చిక్కు మర్యాదది. ఒకే బొమ్మలో కలెక్టరూ రైతూ ఉంటే, కలెక్టర్ 'పరిశీలించారు' అనీ, రైతు 'చెప్పాడు' అనీ రాసే అలవాటు మన చేతుల్లో పాతుకుపోయింది. కూలి పని చేసే ముసలావిడకు 'చెప్పింది', అధికారిణికి 'చెప్పారు'. రాసేవారికి దురుద్దేశం ఉండదు, అయినా క్రియ చివర ఎవరు ఎంతటివారో తేలిపోతుంది. బొమ్మలో ఇద్దరినీ ఒకే ఎత్తున, ఒకే వెలుతురులో నిలపడానికి మోకాళ్ల మీద కూర్చుని తీసిన శ్రమంతా ఆ ఒక్క ప్రత్యయంతో వృథా అవుతుంది. నా నియమం సూటిగా ఉంటుంది: పదహారేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ఎవరైనా సరే, 'రు' వాడండి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. గుంటూరు ప్రాంతంలో మిరప కాయలకు తొడిమలు తీస్తున్న ఒక మహిళను మీరు తీశారనుకోండి. ముక్కుకు కొంగు చుట్టుకుని, నేల మీద ఎర్రటి రాశి పక్కన కూర్చుని ఉన్నారు. కుడి బొటనవేలికి గుడ్డపేలిక కట్టుకున్నారు. చేయి తిరిగిన డెస్కు కూడా దీని కింద 'ఎర్రబంగారంతో ఉపాధి' అని వేసే ప్రమాదం ఉంది. రాశి ఎవరిదో, బంగారం ఎవరికో ఆ మాట చెప్పదు. దాన్ని ఇలా రాయవచ్చు: 'గుంటూరులోని ఒక శీతల గిడ్డంగి ఆవరణలో మార్చి 12న తేజ రకం మిరపకాయలకు ఫలానావారు, 46, తొడిమలు తీస్తున్నారు. కూలి కిలోల లెక్కన ముడుతుందనీ, ఘాటుకు వేళ్లు మండుతాయి కనుక బొటనవేలికి గుడ్డ కట్టుకుంటాననీ ఆమె చెప్పారు.' ఫలానావారు అన్నచోట మీ నోటుబుక్కులోని పేరు, కిలోల పక్కన ఆమె చెప్పిన ధర చేరుతాయి. 'దీనంగా', 'పొట్టకూటి కోసం', 'కష్టాల కడలిలో' వంటి మాటలేవీ ఇందులో లేవు. గుడ్డపేలిక ఎందుకో తెలిసిన పాఠకుడు మళ్లీ బొమ్మలోకి వెళ్లి ఆ వేలిని వెతుకుతాడు. క్యాప్షన్ చేయవలసిన పని అదే.

పేరు రాయకూడని సందర్భాలూ ఉన్నాయి. లైంగిక నేరాలకు గురైనవారి గుర్తింపును బయటపెట్టడం చట్టరీత్యా నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్, 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ దీన్ని గట్టిగా చెబుతాయి. పేరు ఒక్కటే దాస్తే చాలదు. బడి పేరు, ఇంటి ముందరి గుర్తు, అమ్మానాన్నల ముఖం కూడా గుర్తింపు కిందికే వస్తాయి. చట్టం అడ్డురాకపోయినా, యజమాని మీద ఫిర్యాదు చెప్పిన కూలీ పేరు వేస్తే మర్నాడు పని పోవచ్చు. అలాంటప్పుడు పేరు మీ దగ్గర ఉంచుకుని, పని పోతుందన్న భయంతో పేరు వేయవద్దని కోరారని క్యాప్షన్‌లోనే రాయండి.

రాసిన రెండు వాక్యాలను బొమ్మ ఫైల్‌లోనే నిక్షిప్తం చేయాలి. లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఐపీటీసీ అనే విభాగం ఇందుకే ఉంది. అక్కడ నింపిన పేరు, ఊరు, తేదీ, వివరణ మామూలుగా ఫైల్‌తో పాటే ప్రయాణిస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే మాత్రం ఈ సమాచారం పోతుంది కనుక డాక్యుమెంటుగా పంపండి.

ఈ వారం అభ్యాసానికి మీ ఊళ్లో చేతిపని జరిగే ఒకే చోటును ఎంచుకుని, మూడు రోజులు వెళ్లి, ఆరు బొమ్మలు మాత్రమే సిద్ధం చేయండి. ప్రతి దానికీ 40 మాటలు మించకుండా రెండు వాక్యాలు రాయండి. నాలుగవ రోజు ప్రింట్లు తీసుకుని మళ్లీ అక్కడికే వెళ్లి, బొమ్మలో ఉన్నవారికి ఆ వాక్యాలు చదివి వినిపించండి. వారు దిద్దిన మాటలను ఎర్ర పెన్సిలుతో పాత వాక్యం మీదే రాసి, పాతదాన్ని చెరపకుండా ఉంచండి. ఒక ప్రింటు వారికి ఇచ్చి రండి. ఎనిమిదవ పాఠాన్ని ఆ ఎర్ర దిద్దుబాట్లను ముందు పెట్టుకునే మొదలుపెడతాం.