ముగ్గు వంకర పోయేది చుక్కల దగ్గరే

ముగ్గు వంకర పోతే అందరూ "ఇంకా చెయ్యి తిరగలేదు" అంటారు. చెయ్యి సంగతి తర్వాత, ముందు చుక్కల్ని చూడండి. చాలా ముగ్గులు మొదటి గీత పడకముందే చెడిపోయి ఉంటాయి. మూడో వరుసలో అర అంగుళం జరిగిన చుక్కని ఎంత తిరిగిన చెయ్యీ దాచలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి వారం గీతల జోలికి పోకుండా చుక్కలొక్కటే పెట్టి, చెరిపి, మళ్ళీ పెడితే ఆ తర్వాత రెండు రోజుల్లో ముగ్గు వచ్చేస్తుంది.

నేల

మట్టి వాకిలైతే ఊడ్చి కళ్ళాపి చల్లాలి (తెలంగాణలో సాన్పి అంటారు). బకెట్ నీళ్ళలో రెండు పిడికిళ్ళ పేడ కలిపి, గడ్డిపరకలు తీసేసి, చేత్తో పలచగా విసరాలి. కుమ్మరిస్తే గుంటలు పడతాయి, గుంటలో పడ్డ చుక్క పైకి కనబడదు. చల్లిన వెంటనే ముగ్గు పెట్టకూడదు. అరికాలు ఆనిస్తే చల్లగా తగలాలి గానీ మట్టి అంటుకోకూడదు, అదీ అదను. మరీ తడిగా ఉంటే పిండి నీళ్ళు పీల్చి గీత మసకబారుతుంది. పూర్తిగా ఆరిపోతే పిండి నేలని పట్టుకోదు, కాస్త గాలికే లేచిపోతుంది.

సిమెంటు నేలకి తడిగుడ్డ పెట్టి, నీటి మెరుపు పోయేదాకా ఆగితే చాలు. అపార్టుమెంట్లలో ఉండే నున్నటి గ్రానైటు, టైల్సు మీద మాత్రం పొడి ముగ్గు పెట్టొద్దు. అక్కడ నిలవదు సరికదా, రాతిపిండి మీద కాలుపడితే జారుతుంది. అలాంటి చోట తడిపిండి ముగ్గే సరైనది. గుప్పెడు బియ్యం రెండు గంటలు నానబెట్టి, కాటుకలా మెత్తగా రుబ్బి, పలచటి మజ్జిగంత జారుగా కలపాలి. రెండంగుళాల నూలుగుడ్డ ముక్కని అందులో ముంచి గుప్పిట్లో పట్టుకుని, మెల్లగా పిండుతూ ఉంగరపు వేలి కొస మీదుగా గీత జారనివ్వాలి. గీసేటప్పుడు దాదాపు కనిపించదు, ఆరాకే తెల్లబడుతుంది. కనబడటం లేదని రెండోసారి దిద్దితే ఆరాక అక్కడ గీత లావై అసహ్యంగా ఉంటుంది. మొదటి గీతని నమ్మి ముందుకు పోవడమే.

పిండి

బజారులో ముగ్గుపిండి అని దొరికేది రాతిపొడి. తెల్లగా, బరువుగా ఉంటుంది, గీత చక్కగా పడుతుంది. కానీ చీమకి పనికిరాదు. బియ్యప్పిండితో వేసిన ముగ్గు కాస్త పొద్దెక్కేసరికి చీమలు, పిచ్చుకలు, ఉడతలు తినగా సగమే మిగులుతుంది. పాడైపోయిందని బాధపడక్కర్లేదు, అది వాటి వాటా. రోజువారీ చిన్న ముగ్గుకి బియ్యప్పిండి, పండగ పూట పెద్ద ముగ్గుకి రాతిపిండి వాడటం మంచి పద్ధతి. రెండూ సగం సగం కలిపేవాళ్ళూ ఉన్నారు. అలా చేస్తే చీమలు రాళ్ళలో బియ్యం ఏరుకోవాలి.

బియ్యప్పిండి మరీ మెత్తగా ఉండకూడదు. మైదాలాంటి పిండి వేళ్ళకి అతుక్కుని ముద్దలుగా రాలుతుంది. రవ్వలా ఉంటే గీత తెగుతుంది. వేళ్ళ మధ్య నలిపితే కొంచెం గరుకు తగలాలి. టీ వడకట్టే జల్లెడలో ఒకసారి జల్లించి, చెమ్మ పట్టి ఉంటే గంటసేపు ఎండలో పరచండి. ముసురు రోజుల్లో ముగ్గు సరిగా పడకపోవడానికి ముఖ్య కారణం పిండిలోని చెమ్మే.

పట్టు

పిండి అరచేతిలో ఉండాలి, వేళ్ళ కొసల్లో కాదు. గుప్పెడు తీసుకుని, చూపుడు వేలు మధ్య వేలు కలిపి కాస్త ముందుకి వంచి, వాటి మీద బొటనవేలితో మెల్లగా రుద్దుతూ వదలాలి. గీత సన్నదనం బొటనవేలి వేగం మీద, చెయ్యి ఎత్తు మీద ఆధారపడుతుంది. నేలకి అంగుళం, అంగుళంన్నర ఎత్తులో ఉంచండి. ఎత్తు పెరిగితే గీత వెడల్పై పొగలా ఉంటుంది. నేలకి తగిలితే వెనక గీతని చెయ్యే చెరిపేస్తుంది. మణికట్టు బిగించి, మోచేతి నుంచి కదిలిస్తే వంపులు సాఫీగా వస్తాయి.

చూపు చేతి మీద ఉండకూడదు. చెయ్యి ఇప్పుడెక్కడుందో కాక, ఎక్కడికి వెళ్ళాలో ఆ చుక్కని చూడాలి. సైకిలు తొక్కేవాళ్ళు ముందు చక్రాన్ని చూస్తే పడిపోయినట్టే ఇదీను. అరచేయి చెమర్చే వాళ్ళు పక్కన పొడిగుడ్డ పెట్టుకుని, గుప్పెడు గుప్పెడుకీ తుడుచుకోండి.

చుక్కల లెక్క

పత్రికల్లో, ముగ్గుల పుస్తకాల్లో "13 చుక్కలు, 7 వరకు, సందు చుక్క" అని ఉంటుంది. అంటే నడిమి వరుసలో 13. దాని పైన రెండు చుక్కల సందుకి ఎదురుగా ఒక్కొక్కటి పెడుతూ 12, ఆపైన 11, ఇలా 7 వచ్చేదాకా. కిందవైపూ అంతే. మొత్తం 13 వరుసలు, 127 చుక్కలు, ఆరు పలకల ఆకారం. ఎదురు చుక్క అంటే పై వరుస చుక్క కింది చుక్కకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది, వరుసకి రెండేసి తగ్గుతాయి. "7 చుక్కలు, 1 వరకు, ఎదురు చుక్క" అంటే నడిమి వరుసలో 7, దాని పైనా కిందా 5, 3, 1. మొత్తం 25. అదే 7 నుంచి 1 వరకు సందు చుక్క అనుకుని పెడితే 13 వరుసలు, 49 చుక్కలు వస్తాయి, ఆ ముగ్గు ఇక కలవదు. అందుకే మొదలెట్టే ముందు ఎదురా, సందా అన్నది చూసుకోండి.

ఎప్పుడూ నడిమి వరుసతోనే మొదలుపెట్టాలి. పై నుంచి కిందికి పెట్టుకుంటూ వస్తే పొరపాటు వరుస వరుసకీ పేరుకుని, కింది అంచుకి వచ్చేసరికి బాగా పక్కకి పోతుంది. నడిమి నుంచి మొదలెడితే అదే పొరపాటు అటూ ఇటూ సగం సగం పంచుకుంటుంది, కంటికి ఆనదు. నడిమి వరుసలోనూ మొదట మధ్య చుక్క, తర్వాత కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి.

చుక్కకీ చుక్కకీ ఎడం మూడంగుళాలు ఉంచండి, సుమారుగా నాలుగు వేళ్ళ మందం. ఆ లెక్కన 13 చుక్కల వరుస మూడడుగులు వస్తుంది. మూడడుగులు లేని గుమ్మం ముందు 13 చుక్కలు మొదలెట్టి, చివరి రెండు చుక్కలూ ఇరికించడం చాలామంది చేసే తప్పు. ఇంకో కిటుకు ఉంది. సందు చుక్కలో వరుసకీ వరుసకీ మధ్య కూడా మూడంగుళాలే వదిలితే ముగ్గు నిలువుగా సాగినట్టు కనిపిస్తుంది. అక్కడ రెండున్నర అంగుళాలకి కాస్త పైగా చాలు. అప్పుడే ప్రతి చుక్కకీ దాని చుట్టూ ఉన్న ఆరు చుక్కలూ సమదూరంలో ఉంటాయి. అనుమానం వస్తే చీపురుపుల్లని మూడంగుళాలకి తుంచి, ఏటవాలుగా పెట్టి కొలుచుకోండి.

మొదటి ముగ్గు

5 చుక్కలు, 3 వరకు, సందు చుక్క పెట్టండి: 3, 4, 5, 4, 3. మొత్తం 19. నడుమ ఒక చుక్క, దాని చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు. ఆ పన్నెండులో ఆరు మూలల్లో ఉంటాయి, ఆరు అంచుల నడుమ.

నడిమి చుక్క నుంచి మూల చుక్క దాకా ఒక రేకు గీయండి. దారిలో ఉన్న చుక్క రేకు కడుపులో ఉండాలి. ఆ చుక్క దగ్గర రేకు అటు అంగుళం, ఇటు అంగుళం ఉబ్బితే సరిపోతుంది. అంగుళంన్నర దాటిందంటే పక్క రేకుతో రాసుకుంటుంది. మొదటి రేకు తర్వాత దాని పక్కది వేయకండి, ఎదురుగా ఉన్నది వేయండి. వరుసగా చుట్టూ వేసుకుంటూ పోతే ఆరో రేకుకి చోటు మిగలదు. ఆరూ అయ్యాక ఒక రేకు కొస నుంచి పక్క రేకు కొసకి, నడుమ ఉన్న అంచు చుక్కని లోపల ఉంచుతూ బయటికి వంపు తిరిగిన గీత కలపండి. తామరలాంటి పువ్వు వస్తుంది. చుక్క ఏదీ వదిలేసినట్టు ఉండకూడదు, అన్నీ గీతలోనో గీత లోపలో ఉండాలి.

మెలికలు

మెలికల ముగ్గులో గీత చుక్కని తాకదు. రెండు చుక్కల సందులోంచి ఏటవాలుగా దూరి, అంచుకి వచ్చినప్పుడు అక్కడి చుక్కని చుట్టి వెనక్కి తిరుగుతుంది. మొదటిసారి 3 చుక్కలు, 2 వరుసలు, ఎదురు చుక్క పెట్టుకోండి; ఇక్కడ చుక్కలు తగ్గవు, రెండు వరుసల్లోనూ మూడేసి. ఏదో ఒక మూల చుక్క బయటి వైపు నుంచి బయలుదేరితే, చెయ్యి ఎత్తకుండా అన్ని చుక్కల్నీ చుట్టి మొదలెట్టిన చోటికే వస్తుంది. పక్కపక్కన గానీ పైనా కిందా గానీ ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీత ఒక్కసారి తనని తాను దాటాలి. 3కి 2 పెట్టినప్పుడు అలాంటి దాటుళ్ళు 7. 4 చుక్కలు 3 వరుసలైతే 17. లెక్క తగ్గిందంటే ఎక్కడో దాటాల్సిన చోట వెనక్కి తిరిగారు.

ఒకే గీతలో ముగియని ముగ్గులూ ఉంటాయి, తప్పు మీది కాదు. 3 చుక్కలు 3 వరుసలు పెడితే మూడు విడి మెలికలే వస్తాయి, ఎవరు వేసినా సరే. చుక్కలకీ వరుసలకీ గసాభా (రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) ఎంతో అన్ని మెలికలు. 4కి 3 అయితే గసాభా 1 కాబట్టి ఒకే మెలిక. 6కి 4 అయితే రెండు. బడిలో ఎందుకు నేర్పారో తెలియని గసాభా వాకిట్లో ఇలా అక్కరకొస్తుంది.

రంగులు

నెల పట్టాక, అంటే ధనుర్మాసంలో, రంగులు పోస్తారు. ఉత్త రంగుపొడి పోస్తే గాలికి పక్క గడిలోకి లేస్తుంది. ఒక వంతు రంగుకి మూడు వంతుల జల్లించిన సన్న ఇసుక కలిపితే బరువుకి కదలదు. కొందరు ఉప్పు కలుపుతారు. మెరుపు బాగానే ఉంటుంది గానీ రాత్రి వేస్తే తెల్లారేసరికి మంచుకి ఉప్పు కరిగి రంగు పాకుతుంది, ఊడ్చి మొక్కల్లో పోస్తే మొక్కలకీ చేటు. పసుపు వాడేటప్పుడు పక్కన సున్నం లేకుండా చూసుకోండి. తడిలో రెండూ కలిస్తే పారాణిలా ఎర్రబడుతుంది. లోపలి గడుల నుంచి బయటికి నింపుకుంటూ రండి, లేకపోతే రంగు మీద కాలేయాల్సి వస్తుంది. గొబ్బెమ్మ పెట్టే చోట రంగు పోయకుండా అరచేయంత ఖాళీ వదిలి, రంగులన్నీ అయ్యాక గొబ్బెమ్మ, దాని మీద గుమ్మడిపువ్వు. అన్నీ పూర్తయ్యాక తెల్ల గీతని ఇంకోసారి దిద్దితే ముగ్గు లేచి కనిపిస్తుంది.

కనుమ నాడు వేసే రథం ముగ్గుకి ఒక సంగతి ముందే చూసుకోవాలి. రథాన్ని వాకిలి మధ్యలో కాక, వీధి వైపు రెండడుగులు జరిపి వేయండి. దాని తాడు గీత మీ గుమ్మం దగ్గర ఆగకూడదు, పక్కింటి వాకిలి దాకా పోవాలి. జంట గీతగా, మామూలు కంటే లావుగా లాగి, పక్కింటివాళ్ళ రథం తాడు అందుకునేలా కొస విప్పి వదిలేయండి. వాళ్ళింకా లేవకపోతే వాళ్ళ వాకిలి అంచు దాకా మీరే లాగి ఉంచండి.