స్లీప్ ఆప్నియా నోటి పరికరం: పళ్ళ సలపరం ఎలా తగ్గిందంటే

నాకున్నది మధ్యస్థాయి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు. తుఫాను వస్తే మా అమలాపురం వైపు కరెంటుకు భరోసా లేదు. అందుకే డాక్టరు గారితో మాట్లాడుకుని, కరెంటుతో నడుస్తూ మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషన్ బదులు కింది దవడను ముందుకు పట్టి ఉంచే నోటి పరికరం చేయించుకున్నాను. గురక తగ్గింది గానీ, పొద్దున లేచేసరికి కింది ముందుపళ్ళు ఒకటే సలపరం, చెవి దగ్గర దవడ కీలు పట్టేసేది. ఇడ్లీ నమలాలన్నా ఇబ్బందే.

భీమవరంలో డెంటిస్టు గారు పరికరం లోపల తెల్లటి పేస్టు రాసి, నోట్లో పెట్టి తీశారు. ఒక్క పన్ను దగ్గర పేస్టు పూర్తిగా చెరిగిపోయింది. ఒత్తుతున్నది అక్కడే! ఆ చోటు మాత్రం సన్నగా అరగదీశారు. ఆ రాత్రే తేడా తెలిసింది.

కీలు నొప్పికి మందు, పరికరం పక్కనున్న చిన్న స్క్రూలోనే ఉంది. ముందు కాస్త వెనక్కి తిప్పారు. నొప్పి సద్దుమణిగాక, కొన్ని రోజులకోసారి కొద్దికొద్దిగా ముందుకు. ఒక్కో తిప్పుకి దవడ జరిగేది మిల్లీమీటరులో నాలుగో వంతో, ఇంకా తక్కువో. ఇక్కడ తొందరపడొద్దండీ, దయచేసి.

లేవగానే పై పళ్ళూ కింది పళ్ళూ సరిగా కలవకపోతే, డెంటిస్టు ఇచ్చే చిన్న బిళ్ళను (మందుబిళ్ళ కాదు) కాసేపు కొరికి పట్టుకుంటే దవడ తన చోటికి వస్తుంది. పరికరాన్ని కడగడం చన్నీళ్ళతోనే, వేడినీళ్ళు తగిలితే దాని ఆకారం వంకరైపోతుంది.

నొప్పి పోయిందని అక్కడితో ఆగకండి. పరికరం పెట్టుకునే మళ్ళీ నిద్ర పరీక్ష చేయించుకోండి. గురక ఆగినా లోపల ఊపిరి ఆగుతూ ఉండొచ్చు.